తాగలేదు, మీద పడింది

ఆదిలాబాద్ జిల్లాలోని ఒక పల్లె నుంచి ఇరవై ఆరేళ్ల సోదరి రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఆమె భర్తకు సొంత భూమి లేదు. పత్తి కాలమంతా ఊళ్లోవాళ్ల చేలల్లో ట్యాంకుల లెక్కన మందు కొడతాడు. పోయిన వారం, వరసకు బాబాయి అయ్యే ఒక రైతు చేనులో సాళ్ల మధ్య గడ్డి మందు కొట్టాడు. పంపు ఆ రైతుదే. మూత దగ్గర వాషరు పోయి, అడుగు వేసినప్పుడల్లా మందు నీళ్లు వీపు మీదికి కారాయి. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆ తడి బట్టలతోనే సద్ది తిని, మళ్లీ సాయంత్రం దాకా కొట్టి, చీకటి పడ్డాక ఇంటికొచ్చి స్నానం చేశాడు. ఆ రాత్రి నడుము దగ్గర చురచురలాడింది. తెల్లారేసరికి నడుము కింద, పిరుదుల మీద, గజ్జల్లో ఎర్రగా కందింది. మూడో రోజుకు పొక్కులు లేచాయి. ఇప్పుడు తోలు ఊడి పచ్చిపుండుగా ఉంది. కుడిచేతి గోళ్లు తెల్లబారాయి. ఆర్‌ఎంపీ ఒక సూది వేసి, పూయడానికి ట్యూబు ఇచ్చాడు. అత్తగారు కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తున్నారు. నేటికి ఆరు రోజులు.

పెద్దాసుపత్రికి రమ్మంటే ఆయన రావడం లేదు. "గడ్డి మందు అని నోట్లోంచి రాంగనే తాగిండనుకుంటరు, పోలీసులొస్తరు, కేసయితది" అంటున్నాడు. పుండు ఉన్న చోటు ఎవరికీ చూపించలేనంటున్నాడు. బాబాయి ఐదు వందలు చేతిలో పెట్టి, "నా చేను పేరు మాత్రం తీయకుండ్రి" అని చెప్పి వెళ్లాడు. ఇంకో బాధ కూడా ఉంది. ఈ సంగతి జరగడానికి ముందు భార్యాభర్తలకు డబ్బు దగ్గర మాటామాటా వచ్చింది. అది విన్న ఇరుగుపొరుగు ఇప్పుడు "నీ పోరు పడలేకనే తాగిండంట గదా" అని ఈమెను దెప్పుతున్నారు. వచ్చే వారం మరో ఇద్దరి చేలకు ఆయన అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు. ఉత్తరం చివర ఒకే ఒక్క వాక్యం: "ఆ బట్టలు పిండినప్పటి నుంచి నా అరచేతులు గూడ పొట్టు లేస్తున్నయి, పాలు తాగే పాప ఉన్నది."

దానంతట అదే మానుతుందా, ఆసుపత్రికి పోతే నిజంగా కేసు అవుతుందా, ఈ పని మానిపించాలా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరం చేరిన రోజే ఈ జవాబు రాస్తున్నాను. మీరు అడిగిన వాటిలో చాలావాటికి రెండు మూడు దారులున్నాయి. వాటి మంచిచెడ్డలు చెబుతాను, ఎంచుకోవలసింది మీరిద్దరూ. ఒక్క విషయంలో మాత్రం ఎంపిక లేదు. ఆయనకు రక్త పరీక్ష, మూత్ర పరీక్ష ఈ రోజే జరగాలి. కుదరకపోతే రేపు పొద్దున. పుండు మానుతున్నట్టు కనిపించినా సరే జరగాలి. ఎందుకో చెబుతాను.

మందు పేరు తెలియదన్నారు. కానీ మీకు తెలియకుండానే రెండు ఆనవాళ్లు రాశారు. డబ్బాలో మందు నీలం కలిసిన ఆకుపచ్చగా ఉందన్నారు. కొట్టిన మర్నాటికే గడ్డి మాడిపోయిందన్నారు. మన దగ్గర ఎక్కువగా వాడే గ్లైఫోసేట్ అయితే అంత తొందరగా పని చేయదు. గడ్డి పసుపు తిరగడానికే వారం, పది రోజులు పడుతుంది. ఎండ తగలగానే గంటల్లో ఆకు వాడి, ఒక్క రోజులో కాలినట్టు అయ్యేది పారాక్వాట్. ఇది 24 శాతం ద్రావణంగా వస్తుంది. తోలు ఊడడం, గోళ్లు తెల్లబడడం కూడా దానివైపే చూపిస్తున్నాయి. అయినా ఊహ మీద ఆగవద్దు. బాబాయి ఇంట్లోనో, చేను గట్టు మీదో ఆ ఖాళీ డబ్బా ఉంటుంది. దాని మీది చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మందు పేరు, శాతం, విషం ఎంత తీవ్రమో చెప్పే ముక్కోణం రంగు, లోపల మడతపెట్టి పెట్టిన కాగితం, అన్నీ. ఆసుపత్రిలో మీరు చెప్పబోయే వంద మాటల కన్నా ఆ ఫొటో ఎక్కువ పని చేస్తుంది.

పారాక్వాట్ నీళ్లు పుండు, గాయం లేని చర్మం మీద పడి, వెంటనే కడుక్కుంటే ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. రోజూ వేలమంది కొడుతున్నా ఎక్కువమందికి ఏమీ కాకపోవడానికి కారణం అదే. "మేమంతా కొట్టలేదా, మాకేమైంది" అని బాబాయి అనడానికీ అదే కారణం. కానీ మీ ఆయన విషయం వేరు. ఆ నీళ్లు గంటల తరబడి తడి బట్టలో ఒంటికి అంటుకుని ఉన్నాయి. పైన ట్యాంకు బరువు, పట్టీల రాపిడి, చెమట. గజ్జల్లో చర్మం పలచన. మందు ముందు చర్మాన్ని కాల్చింది, తర్వాత ఆ కాలిన చోటు నుంచే లోపలికి పోవడం తేలికైంది. కారే పంపులతో కొట్టి, పుండ్లు పడి, ఆ పుండ్ల దారిన మందు ఒంట్లోకెక్కి మనుషులు చనిపోయిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇది రాస్తున్నది. పుండును చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పలేమని చెప్పడానికి.

లోపలికి పోతే ముందు దెబ్బ తినేవి మూత్రపిండాలు, కాలేయం. ఊపిరితిత్తుల నష్టం మెల్లగా, రోజుల మీద, కొన్నిసార్లు వారాల మీద బయటపడుతుంది. దీనికి ప్రత్యేకించి విరుగుడు మందు లేదు. కాబట్టే తొందరగా కనిపెట్టడం అవసరం. ఆసుపత్రిలో అడగవలసినవి రక్తంలో క్రియాటినిన్, యూరియా, కాలేయ పరీక్ష, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, వేలికి పెట్టి చూసే ఆక్సిజన్ కొలత. ఆరో రోజున ఇవి బాగున్నాయంటే గుండె దిటవు చేసుకోవచ్చు. అయినా డాక్టరు చెప్పిన రోజున మళ్లీ చూపించుకోవాలి. బాగుంటే ఆ చర్మం సాధారణంగా రెండు మూడు వారాల్లో కట్టుకుంటుంది. పాడైన గోరు ఊడినా కంగారు పడకండి, కొత్త గోరు పూర్తిగా రావడానికి ఆరు నెలలైనా పడుతుంది.

మూత్రం తగ్గినా, కళ్లు పచ్చబడినా, నోట్లో పుండ్లు లేచినా, పొడి దగ్గు, ఆయాసం మొదలైనా, వాంతులు ఆగకపోయినా, జ్వరంతో పుండు చీము పట్టినా పరీక్షల కోసం బస్సెక్కడం కాదు, 108 పిలవండి. ఎక్కగానే పారాక్వాట్ అనుమానం ఉందని చెప్పండి. మామూలుగా ఆయాసం అనగానే ఆక్సిజన్ పెడతారు. ఈ మందు ఒంట్లో ఉన్నప్పుడు అవసరానికి మించిన ఆక్సిజన్ ఊపిరితిత్తులకు ఇంకా చేటు చేస్తుంది. డాక్టర్లకు ఇది తెలుసు, కానీ ముందు మందు పేరు వాళ్ల చెవిన పడాలి కదా. చూస్తున్న డాక్టరుకు సందేహం ఉంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 మీద ఫోన్ చేసి అడగవచ్చు. మీరు కూడా చేయవచ్చు, డబ్బులు పడవు.

ఇంకో ప్రశ్న, ఆయన్నే అడగండి. నాజిల్ మూసుకుపోయినప్పుడు నోటితో ఊదాడా? మందు కొట్టేవాళ్లలో ఈ అలవాటు చాలామందికి ఉంది. ఊది ఉంటే ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ఎంత కొంచెమైనా నోట్లోకి పోవడం వేరు లెక్క.

ఇక కేసు భయం. ఇది ఉత్తి భయం కాదు, దానికి వేరు ఉంది. మన పల్లెల్లో గడ్డి మందు పేరు చెబితే చేను కన్నా ముందు చావు గుర్తొస్తుంది. ఎంతోమంది దాన్ని తాగి పోయారు. ఆ పేరు మోయలేక, ప్రమాదం జరిగినవాళ్లు కూడా ఇంట్లోనే దాక్కుంటున్నారు. మీ ఆయన చేస్తున్నది అదే, ఆయన్ను తప్పుపట్టను. కానీ చట్టం సంగతి ఆయనకు నిదానంగా చెప్పండి. విషం సంబంధమైన ఏ కేసు వచ్చినా ఆసుపత్రివాళ్లు మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు కబురు పంపుతారు. అది నేరం మోపడం కాదు, నమోదు. ఒక కానిస్టేబుల్ వచ్చి ఏం జరిగిందని అడిగి, చెప్పింది రాసుకుంటాడు. చేనులో కొడుతుంటే పంపు కారి ఒంటి మీద పడింది అని చెబితే అదే రాస్తారు. ఒంటి మీద పుండ్లు ఉన్న తీరే సాక్ష్యం. ట్యాంకు ఎక్కడ ఆనుతుందో అక్కడ, నీళ్లు ఎటు జారతాయో అటు. తాగినవాడికి నోరు, గొంతు కాలుతాయి, నడుము కాదు.

ఒకవేళ ఎవరో తాగాడనే అనుమానించారనుకోండి. అప్పుడు కూడా జైలు భయం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలా ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలే తప్ప శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నానికి పాత చట్టంలో ఉన్న 309 సెక్షన్ లాంటి శిక్షే లేదు. కాబట్టి ఆయన భయపడుతున్న కేసు ఏ దారిన చూసినా రాదు.

ఎక్కడికి పోవాలన్నది మీ వీలును బట్టి ఉంటుంది. దగ్గరి పీహెచ్‌సీకి పోతే పుండు శుభ్రం చేసి కట్టు కడతారు, రక్తం తీసి పంపుతారు, ఖర్చు ఉండదు. కానీ ఫలితం చేతికి రావడానికి రోజు పట్టవచ్చు. అదీ మీకు ఇప్పుడు ఎక్కువే. ఆదిలాబాద్ రిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో పరీక్షలు, చర్మ వైద్యులు, అవసరమైతే డయాలసిస్ ఒకే చోట ఉంటాయి. రద్దీ, వేచి ఉండడం, పోలీసు కబురు, ఇవన్నీ ఉంటాయి. ప్రైవేటులో చూపిస్తే పని తొందరగా అవుతుంది, డబ్బు అవుతుంది. అక్కడ కొందరు రోగి అడిగాడని మందు పేరు రాయకుండా 'అలర్జీ' అని రాసిస్తారు. అది మాత్రం ఒప్పుకోకండి. కాగితం మీద అలర్జీ అని ఉంటే తర్వాత కిడ్నీకి ఏదైనా అయినప్పుడు చికిత్స చేసే డాక్టరు దారి తప్పుతాడు, సాయం అడగడానికి మీ చేతిలో ఆధారమూ ఉండదు. నన్నడిగితే రిమ్స్ లాంటి పెద్దాసుపత్రే నయం. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకెళ్లి ఆరోగ్య మిత్ర దగ్గర ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో కనుక్కోండి.

సిగ్గు సంగతి. మగ డాక్టరే చూడాలని అడగండి, తెర వేసి చూడమనండి. ఆ రెండూ అడిగే హక్కు ఆయనకుంది. మీరు పక్కన ఉండాలా, వద్దా అన్నది ఆయన్నే చెప్పనివ్వండి. కొందరు మగవాళ్లు భార్య ముందు కన్నా పరాయి డాక్టరు ముందే తేలిగ్గా మాట్లాడతారు.

ఆసుపత్రికి చేరేలోపు ఇంట్లో చేయవలసింది తక్కువే. పసుపు నూనె ఆపండి. అత్తగారు ప్రేమతో చేస్తున్నది, కసురుకోకండి. పచ్చిపుండు మీద అది మురికిని పట్టి ఉంచుతుందని చెప్పండి. శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడిగి, రుద్దకుండా అద్ది, ఉతికి ఎండేసిన మెత్తటి నూలు బట్ట వదులుగా కప్పండి. పొక్కులు చిదమకూడదు. ఆర్‌ఎంపీ వేసిన సూది, ఇచ్చిన ట్యూబు పేర్లు రాసుకోండి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి సూదులు, మాత్రలు పరీక్షలయ్యేదాకా వద్దు. కిడ్నీల మీద అప్పటికే బరువు ఉంటే అవి ఇంకా భారం. ఇంకెప్పుడైనా ఇలా పడితే, పడిన క్షణమే బట్టలు విప్పేసి, పారే నీళ్లతో సబ్బు పెట్టి పదిహేను ఇరవై నిమిషాలు కడగాలి. సాయంత్రం స్నానం దాకా ఆగడం వల్లనే ఇంత జరిగింది. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండి ఆసుపత్రికి పోవాలి, మంట లేకపోయినా సరే.

బాబాయి మాట. మీరు ఆయన మీద కోపంగా రాయలేదు, ఇబ్బందిగా రాశారు. ఆయన దగ్గరే రేపు పని, అవసరానికి అప్పు. నాకు అది అర్థమవుతోంది. కానీ వాషరు పోయిన పంపును మీ ఆయన భుజానికెత్తింది బాబాయే. 1971 క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం మందు చల్లేవాళ్లకు తగిన రక్షణ దుస్తులు ఉండాలి. ఐదు వందలతో అది తీరిపోదు. మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఆయన పేరు ఎత్తకుండా, 'కూలికి పోయిన చేనులో' అని మాత్రమే ఆసుపత్రిలో చెప్పవచ్చు. వైద్యానికి అది సరిపోతుంది. పోలీసు అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి. మాటలు పొంతన కుదరకపోతే మొదట అనుమానించేది మీ ఆయన్నే. రెండోది, ఆసుపత్రికి వెళ్లేముందే పెద్దమనిషి ఒకరిని తోడు తీసుకుని బాబాయితో నేరుగా మాట్లాడడం. "నిన్ను ఇరికించాలని కాదు, వైద్యం ఖర్చు, ఈ నెల కూలి నష్టం నువ్వు చూడు, డబ్బా చూపించు" అని. బంధుత్వం నిలిచే అవకాశం ఇందులో ఎక్కువ. అతను మొండికేస్తే మూడోది, ఆసుపత్రి కాగితాలతో మండల వ్యవసాయాధికారికి, పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వడం. దాంతో ఊళ్లో కొంతకాలం పని దొరకకపోవచ్చు. అది తెలిసే చేయాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలు సలహా దొరుకుతుంది, అడుగు వేసే ముందు అక్కడ ఒకసారి మాట్లాడండి.

ఇరుగుపొరుగు మాటకు మీరు ఒక్కొక్కరికీ జవాబు చెప్పుకుంటూ పోతే అంతు ఉండదు. మీ తరఫున మాట్లాడవలసింది మీ ఆయన. ఒక్కసారి, నలుగురు ఉన్న చోట, "పంపు కారి నా వీపు కాలింది, నేను తాగలేదు, నా పెండ్లాన్ని అనకుండ్రి" అని ఆయన నోటితో అంటే చాలు. ఆయన గుట్టుగా ఇంట్లో పడుకుంటే ఆ నింద మీ నెత్తిన ఉండిపోతుంది. ఈ సంగతి ఆయనకు తట్టి ఉండదు. మీరు చెప్పండి. డబ్బు దగ్గర ఇద్దరూ అనుకున్న మాటలకూ ఈ పుండుకూ ఏ సంబంధమూ లేదు, ఆ ఊహ మీ మనసులోకి కూడా రానీయకండి.

పని మానాలా అన్నారు. పుండు పూర్తిగా మాని, కొత్త చర్మం గట్టిపడేదాకా ఏ మందూ కొట్టకూడదు. ఇది ఒప్పుకోక తప్పదు. తీసుకున్న అడ్వాన్సు తిరిగివ్వడమో, తోటి కూలికి అప్పగించడమో చేయండి. ఆ తర్వాత ఆయన ఇష్టం. సాళ్ల మధ్య గుంటుక తోలడం, పవర్ వీడరు అద్దెకు నడపడం లాంటి పనికి మారవచ్చు. రాబడి మొదట్లో తగ్గుతుంది, యంత్రానికి పెట్టుబడి కావాలి. కొట్టడం మానను, ఈ ఒక్క మందు మాత్రం పట్టను అనవచ్చు. కేరళలో 2011లోనే దీన్ని నిషేధించారు, యూరప్ దేశాల్లో 2007 నుంచి అనుమతి లేదు. ఒక కూలి అడగడం అత్యాశ కాదు. అయితే వేరే మందులు క్షేమమని కాదు. 2017లో మీకు పొరుగునే, మహారాష్ట్రలో ఉన్న యవత్మాల్‌లో పత్తికి కొట్టింది పురుగుమందులే, ఎంతమంది పోయారో మీ వైపు అందరికీ గుర్తుండే ఉంటుంది.

కొడతానంటే పంపు సొంతంగా కొనుక్కోవడం మేలు. ఎవరి వాషరు ఎలా ఉందో ఎవరికి తెలుసు? ప్రతి రోజూ ముందు వట్టి నీళ్లు నింపి, భుజాన వేసుకుని గట్టు మీద కాసేపు నడవాలి. చొక్కా తడిస్తే ఆ పంపు ఆ రోజు పనికిరాదు. అన్నిటికన్నా ప్రమాదం డబ్బా మూత తీసి కొలిచే ఆ రెండు నిమిషాలు. అప్పుడు నీళ్లు కలపని చిక్కటి మందు చేతిలో ఉంటుంది, ఆయన గోళ్లు తెల్లబడింది బహుశా అక్కడే. మోచేతి దాకా రబ్బరు గ్లవుజులు, కంటికి అద్దాలు, కలపడానికి కర్ర. వీపుకూ ట్యాంకుకూ మధ్య ప్లాస్టిక్ షీటు. ప్యాంటు బూట్ల మీదికి ఉండాలి, లోపలికి దోపితే కారిందంతా బూటులోకే పోతుంది. కొట్టిన తడి గడ్డిలోంచి మళ్లీ నడవకూడదు. చేను గట్టు మీద ఒక బిందె మంచినీళ్లు, సబ్బు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు ఉండాలి. ఇవి ఉంటేనే వస్తానని రైతుతో ముందే ఒప్పుకోవచ్చు. కొందరు వేరేవాణ్ని పిలుచుకుంటారు, కొందరు ఒప్పుకుంటారు.

ఇక మీ చేతులు. అన్నిటి తర్వాత, చిన్న మాటగా రాశారు. ఆ బట్టల్లో మందు ఉంది, మీరు వట్టి చేతులతో పిండారు. ఆయనతో పాటు మీరు కూడా ఓపీ చీటీ రాయించుకోండి. పాపకు పాలిస్తున్నానని, ఎన్నిసార్లు ఆ బట్టలు పట్టుకున్నానని చెప్పండి. పాపను ఎత్తుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, రొమ్ము కూడా వట్టి నీళ్లతో శుభ్రం చేసుకోండి. పాలు ఆపాలా, వద్దా అన్నది మీ అంతట మీరు తేల్చుకోవద్దు, డాక్టరు చూసి చెప్పేదాకా ఆగండి. ఆ చొక్కా, ప్యాంటు, తోలు బెల్టు మళ్లీ వాడవద్దు, ఉతికి దాచుకోవద్దు. పొయ్యిలో వేసి కాల్చవద్దు, ఆ పొగ కూడా చెడ్డది. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని వాటిని ఇంకో సంచిలో కట్టి పాప అందుకోలేని చోట పెట్టండి. రేపు డాక్టరుకో, పోలీసుకో చూపించవలసి వస్తే అవీ పనికొస్తాయి. ఇక మీదట మందు బట్టలు ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా, గ్లవుజులు వేసుకుని విడిగా ఉతకాలి. ఆ పని మీరొక్కరే చేయాలని కూడా ఎక్కడా లేదు.